మడతపెట్టి ఉంచిన తడిచీర

మా వాకిట్లో నిలబడితే గోదావరి కనబడదు. కరకట్ట కనబడుతుంది. వరద నుంచి భద్రాచలాన్ని కాయడానికి కట్టిన ఆ మట్టిగట్టు మా వీధి చివర ఏనుగు పడుకున్నట్టు ఉంటుంది. దాని మీదికెక్కితేనే అవతల స్నానఘట్టం మెట్లు, నీళ్లు, ఆ ఒడ్డున సారపాక ఇండ్లు. పెళ్లయి వచ్చిన కొత్తలో, నదికి ఇంత దగ్గర ఇల్లుండీ నది కనబడకపోవడం నాకు వింతగా తోచేది. ఉండగా ఉండగా తెలిసింది, ఈ వీధిలో నదిని చూడాల్సిన పని లేదని. స్నానం చేసి వచ్చేవాళ్ల కాళ్లు చూస్తే చాలు. బురద అంటుకుని వస్తే నీరు పెరిగినట్టు. ఇసుక అంటుకుని వస్తే తగ్గినట్టు. కార్తీకంలో అయితే అందరి కాళ్లకూ సన్నటి తెల్ల ఇసుకే. ఆ ఇసుక మా వాకిట్లో రాలి, పొద్దున నేను ఊడ్చేటప్పుడు చీపురు కింద గరగరమంటుంది. గోదావరమ్మ మా ఇంటిదాకా వచ్చిపోయిందని అనుకుంటాను. అలా అనుకోవడానికి ఒక వాకిలి ఇచ్చినందుకు స్వామికి దండం పెట్టుకుంటాను.

నేను బడికి పోలేదు. వైరా దగ్గర మా ఊరు. బడికి పోవాల్సిన వయసంతా జ్వరాలతో మంచం మీదే గడిచింది. మా నాన్న ఆ మంచం పక్కనే కూర్చుని అక్షరాలు దిద్దించాడు, కూడికలు నేర్పాడు, పురాణాల పుస్తకాలు చదివించాడు. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. పేజీ చివరికి వచ్చాక నేను కనీసం ఒక ప్రశ్న అడగాలి. అడగకపోతే పేజీ తిప్పనిచ్చేవాడు కాదు. "అడగలేదంటే చదవలేదన్నట్టే" అనేవాడు. ఆ అలవాటు నన్ను వదలలేదు. అత్తవారింటికి వచ్చాక మా అత్తమ్మ ప్రాణం తీశాను. దీపం కింద ఆకు ఎందుకు పెడతారు, నదికి వేసే గాజులు చివరికి ఎక్కడికి పోతాయి, అన్నీ అడిగేదాన్ని. ఆమె ఓపిక గల మనిషి. తెలిసింది చెప్పేది, తెలియనిదానికి "గోదారిని పోయి అడుగు" అనేది. నిజంగానే పోయి మెట్ల మీద కూర్చునేదాన్ని. గోదావరి చెప్పలేదు కానీ, అక్కడ కూర్చోవడం అలవాటైంది.

అట్లా అడిగి తెలుసుకున్నవాటిలో ఒకటి విడిచిన చీరల సంగతి. స్నానానికి వచ్చే ఆడవాళ్లలో కొందరు కట్టుకున్న పాతచీరను ఇక్కడే వదిలేసి పోతారు. జబ్బు తగ్గినవాళ్లు ఆ జబ్బును వదిలినట్టుగా, మొక్కు తీర్చుకున్నవాళ్లు దానికి గుర్తుగా. అయితే మెట్ల మీద ఎప్పుడూ చీరలు ఆరుతూనే ఉంటాయి కదా, విడిచిన చీర ఏదో, ఆరేసుకున్న చీర ఏదో ఎట్లా తెలుస్తుంది? దానికి మా ఊళ్లో ఒక లెక్క ఉంది. రాయి మీద పరిచి ఉంటే ఆరేసుకున్నది. దాని మనిషి దగ్గర్లోనే ఉంటుంది, ముట్టుకోవద్దు. పిండి, మడతపెట్టి రాయి మీద ఉంచితే గోదావరమ్మకు ఇచ్చేసినట్టు. ఎవరైనా తీసుకోవచ్చు. ఇది ఎక్కడా రాసి ఉండదు. ఈ వీధివాళ్లకూ, ఘట్టం ఊడ్చేవాళ్లకూ, ఏటా వచ్చే భక్తులకూ తెలుసు.

మడతపెడితేనే విడిచినట్టు ఎందుకు అని అత్తమ్మను అడిగాను.

"ఆడిది చీర మడతపెట్టి పెట్టిందంటే దాని పని అయిపోయిందనే కద" అంది.

"ఎప్పటి నుంచి ఈ పద్ధతి?"

"రాముడు నాటు పడవ ఎక్కిన కాడి నుంచి. పో, పొయ్యి మీద పాలు చూడు."

అందుకని అది చాలా పాతదనే అనుకున్నాను.

పోయిన కార్తీకంలో ఒకరోజు. పగలు భోజనాల వేళ దాటింది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. అత్తమ్మ ముందుగదిలో కాళ్లు చాపుకుని తొడ మీద దూదితో వత్తులు చేస్తోంది. మా ముందుగది తలుపు ఆ నెలంతా తెరిచే ఉంటుంది. స్నానం చేసి వచ్చే ఆడవాళ్లు లోపలికి వచ్చి బట్టలు మార్చుకుని పోతారు. బస్సు టికెట్ అక్కర్లేకుండా ఆధార్ కార్డు మీద ఆడవాళ్లు తిరుగుతున్నప్పటి నుంచి వాళ్ల రాక ఇంకా పెరిగింది. ఎక్కడెక్కడి మాటలో ఆ గదిలో వింటాను. నాకదొక బడి.

ఆరోజు గడపలోకి ఒక మనిషి పరుగున వచ్చి ఆగింది. నలభై దాటిన మనిషి, తల ఇంకా పూర్తిగా ఆరలేదు, నొసటన గుడి కుంకుమ. చేతిలో ప్రసాదం పొట్లం నలిగిపోతోంది.

"అమ్మా, ఘాట్ కాడ చీర ఉండె. మీరు గిట్ల తెచ్చి లోపల పెట్టిన్రా? వంకాయరంగుది, పసుపు అంచు."

"మేం తేలేదమ్మా. ఎక్కడ పెట్టినవ్?" అని అడిగాను.

"కింది మెట్టు పక్కన రాయి మీద. దర్శనానికి పోయొచ్చేసరికి లేదు."

అత్తమ్మ చేతిలో వత్తి ఆగిపోయింది. "పరిచినవా, మడతపెట్టినవా?"

"మడతనే పెట్టిన. మంచిగ, బిగుతుగ."

"అయితే ఇడిసిపెట్టినట్టే కద బిడ్డా."

"ఇడిసిపెట్టుడేంది? నేనెందుకు ఇడిసిపెడ్త? అది నాది కూడ కాదు!"

ఆమె గడప మీదే కూలబడింది. నేను మంచినీళ్లు ఇచ్చాను. సగం తాగి, సగం ముఖం మీద చల్లుకుని, తనే చెప్పుకొచ్చింది. చండ్రుగొండ వైపు పల్లె. ఆ చీర ఆమె బావగారి భార్యది. ఆ పల్లెల్లో తోడికోడలిని యారాలంటారు. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు నడిమింట్లో గోడ లేపారట. ఆ గోడ దారిలో వాళ్ల అత్తగారి నాటి రోలు వచ్చింది. ఎవరివైపు పోవాలో తేలలేదు. చివరికి గోడే వంకర తిరిగి, రోలు సగం అటు, సగం ఇటు ఇరుక్కుని ఉంది. అప్పుడు ఆగిన మాటలు మళ్లీ మొదలుకాలేదు.

"నీళ్లొచ్చినయా అని అడగాల్నన్నా పిల్లలతోని అడిగిచ్చేది. నా మొకం చూసి ఒక్క మాట లేదు" అంది. "నిన్న పొద్దుగాల గోడ మీదికెళ్లి ఏందో దబ్బున పడ్డది. పిల్లేమో అనుకున్న. చూస్తే చీర. గోడ అవుతలకెళ్లి గొంతు. 'భద్రాచలం పోతున్నవంట గద. నా మోకాలు ఆపరేషన్ అయింది, నేను మెట్లు దిగలేను. నా చీర కట్టుకొని మునుగు. నేను మునిగినట్టే. పిండకు, ఎండబెట్టకు. తడి తడిగ తీస్కరా, నెత్తిన పిండుకుంట' అన్నది. గింతే. గిన్నేండ్లకు గదే మాట."

అప్పుడు నాకు అర్థమైంది. పరిస్తే ఎండకు ఆరిపోతుందని, లోపలి తడి లోపలే ఉండాలని ఆమె బిగించి మడత పెట్టింది. తడిబట్ట గుడిలోకి తీసుకుపోకూడదు కనుక రాయి మీద ఉంచి పోయింది. ఆమె ఊళ్లో మడతంటే భద్రం. మా ఊళ్లో మడతంటే సెలవు. అంత కష్టంలోనూ నాకు ఆ సంగతి ఎంత వింతగా అనిపించిందో చెప్పలేను.

"చీర లేకుంట పోతే ఏమనుకుంటది? కావాల్నని పారేసిన్నంటది. ఊరోళ్లు కూడ గదే అంటరు. ఇగ ఆ గోడ కూలదు" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆమెతో వచ్చిన ఊరివాళ్లంతా ఆటో మాట్లాడుకుని పర్ణశాల చూడటానికి పోయారు. సాయంత్రం బస్టాండు దగ్గర కలుస్తారు. అంతలోపల చీర దొరకాలి.

"లెవ్వు. నువ్వు కూడ పో" అని అత్తమ్మ నన్ను అదిలించింది. "మడత చీరలన్నీ ఊడ్చే ఆమెనే తీస్తది."

కరకట్ట ఎక్కి దిగాం. ఘట్టం ఊడ్చే ఆమె నీడన చీపురు ఆనించి, గిన్నెలో చద్దన్నం తింటోంది. నన్ను రోజూ చూస్తుంది కనుక నవ్వింది.

"ఏందక్కా, ఎండల దిగినవ్? గోదారికేమన్న చెప్పాల్నా?"

సంగతి చెప్పాం. ఆమె పక్కనున్న మనిషిని కింది నుంచి పైకి చూసింది.

"అది నీదా? నాకు యాదికున్నది. అంత ముద్దుగ మడతపెట్టిన చీర నేనెప్పుడు సూడలె. గింత బుద్ధిగ ఇడిసిపెట్టింది, ఎంత పెద్ద మొక్కు తీరిందో పాపం అనుకున్న. దండం కూడ పెట్టిన."

"మొక్కు కాదు, నా బొంద" అంది మా మనిషి.

"తిట్టకు తల్లీ, నాకేమెరుక! పొద్దుగాల మూటల ఏసిన. చాచీ మనిషి వచ్చి తీస్కపోయింది, మార్కెట్ ఎనక బొంతలు కుట్టే చాచీ లేదా, గా ఇంటికి. జల్దీ పోన్రి. ఆమె చెయ్యి ఆగదు."

వెళ్లబోతూ నేను ఆగలేక అడిగాను, ఈ మడతల పద్ధతి ఎప్పటి నుంచి ఉందని. ఆమె వేళ్లు నాకుతూ ఆలోచించింది.

"ముందుగాల చీరలు నీళ్లల్లనే ఏసేటోళ్లు గదక్కా. నీళ్లు తోడే మోటర్లకు చుట్టుకుంటున్నయని, నీళ్లల్ల బట్టలు ఎయ్యొద్దని బోర్డు పెట్టిన్రు సూడు. ఎయ్యొద్దంటే ఏడ పెట్టాలె? రాయి మీద పెట్టుడు సురువు చేసిన్రు. నేను పనికెక్కిన కొత్తల. పరిచినయి తీస్తే నన్ను కొట్టొచ్చేటోళ్లు. గందుకే మడతపెట్టినయే తీస్తనని నేనే చెప్పిన."

"నువ్వే చెప్పినవా?"

"అవ్. నేను గాక ఎవరు చెప్తరు?"

రాముడి పడవకాలం నాటిదనుకున్న ఆచారం నా కళ్ల ముందే అన్నం గిన్నె పట్టుకుని కూర్చుని ఉంది. నేను ఈ ఊరికి వచ్చేనాటికి కూడా అది పసిదే అన్నమాట. ఇంకేం పాతవో, ఇంకేం కొత్తవో అని కరకట్ట ఎక్కుతుంటే ఒకటే ఆలోచన. కానీ పక్క మనిషి నా చెయ్యి పట్టుకుని లాగుతోంది.

బజారులో జనం. కొయ్యబొమ్మలు, గాజులు, పసుపు కుప్పలు. అడవి పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు వెదురుబుట్టలు ముందు పెట్టుకుని తమ భాషలో గలగలా మాట్లాడుకుంటున్నారు. ఇన్నేళ్లలో ఆ భాషలో నాకు నీళ్లు, ఉప్పు అనే మాటలే పట్టుబడ్డాయి. మామూలప్పుడైతే అక్కడే ఆగి ఇంకో మాట అడిగేదాన్ని. ఆరోజు దాటిపోయాం.

దారిలో ఆమె అడిగింది: "ఇంత దగ్గరుండి, నువ్వు రోజు గుడికి పోతవా అక్కా?"

"పోను. పొద్దున గంట వినబడుతది. దండం పెట్టుకుంట."

"గంతేనా! మేం బస్సుల నిలబడి నిలబడి వచ్చి, లైన్ల నిలబడి, రెప్పపాటు సూసి పోతం. నీకు వినబడుతనే ఉంటడు." ఆ మాట అంటూ కూడా ఆమె నడక ఆపలేదు. ఇంట్లో కూర్చున్నదాన్ని, నాకు ఎంత దొరుకుతోందో ఎవరో దారిన పోయే మనిషి చెప్తే గానీ తెలియదు.

మార్కెట్ వెనక సందు ఇరుకు. చాచీ ఇంటి ముందు గోడ పొడవునా చీరలు ఆరేసి ఉన్నాయి. అన్ని రంగుల్లోనూ వంకాయరంగు లేదు. లోపలి నుంచి ఒక చప్పుడు వచ్చింది. నూలుబట్ట చింపితే వచ్చే చప్పుడు.

"ఆగు! ఆగవమ్మా!" అని మా మనిషి చెప్పులతోనే లోపలికి దూకింది.

నేలమీద చాప, చాప మీద సగం పరిచిన బొంత. ఆ బొంత పక్కన చాచీ కూర్చుని ఉంది. తెల్లటి జుట్టు, ముక్కు మీదికి జారిన అద్దాలు. వంకాయరంగు చీర ఒళ్లో ఉంది. పసుపు అంచు ఒక మూర పొడవున ఊడి ఆమె చేతిలో వేలాడుతోంది. ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు ఆమె అట్లాగే ఆగిపోయింది.

"యా అల్లా! ఏమైంది బేటా?"

"ఆమె చీర చాచీ. వదిలింది కాదు, మర్చిపోయి వదిలిందీ కాదు" అన్నాను నేను. మిగతాది చెప్పేసరికి చాచీ అద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది.

"నేనేం చెయ్యాలె? మడతది అన్నరు. అంచు మందంగ ఉంటది, సూది దిగదు. గందుకని ముందుగాల అంచే తీస్త."

మా మనిషి చీరను ఒళ్లోకి లాక్కుని తడిమింది. పొద్దుటి నుంచి గోడ మీద ఆరి ఫెళఫెళలాడుతోంది. "తడి పాయె. చింపుడు ఆయె. ఇంక నేనేం తీస్కపోవాలె?" అని ముఖం చీరలోనే దాచుకుంది. గోడకు చుట్టచుట్టి నిలబెట్టిన బొంతలు మమ్మల్ని చూస్తున్నట్టు ఉన్నాయి. ఎన్ని ఊళ్ల చీరలు అందులో ఉన్నాయో.

చాచీయే ముందు తేరుకుంది. "ఏడ్వకు. తడికేంది, నది ఏడికి పోయింది? మల్ల ముంచు. చినుగుడుకు నా సూది ఉన్నది. ఇటు తే."

"కుట్టు కనబడుతది కద."

"కనబడుతది. బొంతకుట్టు కద, దాసుకోదు. మొల పట్టి చినిగిందని చెప్పు మీ అక్కతోని. బస్సుల మొలలు ఉండయా?"

ఆమె ఆ మాట గురించి ఆలోచించడం నేను చూశాను. మేకు తగిలి చినిగిందనే ఆ మొల మాట సులువైనది. బస్సు మీద నెపం పెడితే ఎవరికీ బాధ లేదు. మంచి చెడు చెప్పడానికి నేనెవరిని? మనసులోనే రామా అనుకున్నాను. ఆమె కాసేపు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. తర్వాత రవికెలో నుంచి ఫోన్ తీసింది.

"ఇంటికి పోయినంక చెప్తే, దారి పొడుగుత నేను సావాలె. ఇప్పుడే చెప్త."

ఆ ఫోన్లో స్పీకరు ఒక్కటే పనిచేస్తుందట. అందుకని అవతలి గొంతు గదంతా వినిపించింది.

"ఏంది?"

"అక్కా, నేను."

"ఎరుకే. ఏంది?"

"నీ చీర చినిగింది. రాయి మీద మడతపెట్టి దర్శనానికి పోయిన. ఈడ మడతపెడితే ఇడిసిపెట్టినట్టంట. బొంతలు కుట్టేటామె తీస్కపోయింది. అంచు మూరెడు ఊడింది. తడి కూడ ఆరింది. నేను కావాల్నని చెయ్యలే అక్కా. దేవుని తోడు."

బయట గోడ మీద చీరలు గాలికి కొట్టుకుంటున్నాయి. చాచీ సూదిలో దారం ఎక్కించడం ఆపింది. ఫోను కట్ అయిందేమోనని మా మనిషి తెర చూసుకుంది.

అప్పుడు మొదలైంది.

"నీ చేతుల మన్నుపడ! నీకు పెండ్లయినకాడి నుంచి సూస్తున్న, ఏది ఇచ్చినా సక్కగ తెచ్చినవా? మా అమ్మ పెట్టిన చీర గది! రాయి మీద పెట్టి పోతరానె ఎవరన్న? నీ నెత్తి మీద పెట్టుకుంటే నెత్తి అరుగుతదా? గిసొంటి తెలివి ఉండబట్టే రోలు గోడల ఇరికిచ్చినవ్!"

"రోలు నేను ఇరికిచ్చిన్నా? సున్నం గీత గీసింది నీ మొగుడు కాదా?"

"ఆయన గీస్తే నువ్వేం చేసినవ్? నోట్లె నీళ్లు పోసుకొని నిలబడ్డవ్ కద. 'అక్కా, రోలు నువ్వే ఉంచుకో' అంటే నీ సొమ్మేం పోయేది?"

"నువ్వంటే నీ సొమ్మేం పోయేది?"

"నేను పెద్దదాన్ని! నేనంటానె?"

చాచీ నా వైపు చూసింది. నేను చాచీ వైపు చూశాను. ఇద్దరం నవ్వు ఆపుకోలేక ముఖాలు తిప్పుకున్నాం. రోలు గురించిన ఆ పంచాయితీ, గోడ లేచిననాడు జరగాల్సింది, మార్కెట్ వెనక సందులో ఒక బొంత మీద జరిగింది. ఎవరేం అన్నారో, ఎవరి పిల్లల జ్వరానికి ఎవరు చూడటానికి రాలేదో అంతా బయటికి వచ్చింది. వచ్చి వచ్చి రెండువైపులా ఊపిరి అయిపోయింది.

"ఇంతకూ ముంచినవా లేదా?" అని అడిగింది అవతలి గొంతు.

"ముంచిన. మూడు మునుగులు. నీ పేరు, నీ గోత్రం చెప్పి."

"నా గోత్రం నీ గోత్రం ఒకటే కాదానె, పిచ్చిదానా."

"అవ్ కద" అంది ఈమె, అప్పుడే తెలిసినట్టు.

"ఇగ ఏడ్వకు. కుట్టిచ్చుకొని రా. ఆ కుట్టే ఆమెకు గట్టిగ కుట్టమని చెప్పు. మల్ల ముంచు. పిండకు."

ఫోను పెట్టేశాక మా మనిషి దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కళ్లు కారుతున్నాయి, నోరు నవ్వుతోంది. "తిట్టింది అక్కా" అని నాతో అంది, ఏదో ప్రసాదం దొరికినట్టు. "గోడ లేచినకాడి సంది నన్ను తిట్టనే లేదు."

చాచీ అప్పటికే సూది దించింది. నన్ను ఊరికే కూర్చోనివ్వలేదు. ఇంకో సూది ఇచ్చి, అంచు రెండో కొస నుంచి నన్నూ కుట్టుకుంటూ రమ్మంది. ఇద్దరం మధ్యలో కలవాలి. మా మనిషి అంచు బిగించి పట్టుకుంది. కుడుతూ నేను అడిగాను, ఇన్ని ఊళ్ల చీరలు కుడుతుంటావు కదా, ఎవరివో అనిపించదా అని.

"అనిపిస్తది. కొన్నిట్ల కుంకుమ వాసనొస్తది, కొన్నిట్ల మందుల వాసన. అడగను. చలికాలం చర్ల దిక్కు, దుమ్ముగూడెం దిక్కు అడివి ఊర్లకు పోతయి ఈ బొంతలు. పిల్లలు కప్పుకుంటరు. ఎవరి చీరనో, ఎవరి పిల్లలో. మంచిగనే నిద్రపోతరు కద." తర్వాత నా వైపు వంగి చూసింది. "అరే బేటా, ఇదేం కుట్టు? గోదారి లెక్క ఒంకర తిరిగింది! చదువుకున్నదానివి కావా?"

"ఇంట్లనే చదివిన చాచీ. కుట్లు నేర్పలేదు మా నాన్న."

"కనబడుతున్నది."

నా వంకరకుట్టు విప్పమంటే మా మనిషి ఒప్పుకోలేదు. "ఉండనీ. అక్కకు చూపిస్త. ఇది భద్రాచలపామె కుట్టిందని." చీర దులిపి లేపితే పసుపు అంచు మీద ఎర్రదారం కుట్లు బారులు తీరి కనబడ్డాయి. చాచీవి చీమల్లా తిన్నగా, నావి ఎటో పోతూ.

ఎండ వాలుతుండగా మళ్లీ నదికి దిగాం. ఆమె చీరను నీళ్లలో పరిచింది. అది గాలి నింపుకుని ఉబ్బి, కాసేపు తేలి, మెల్లగా మునిగింది. ఆమె ఎవరి పేరు చెప్పుకుందో నాకు వినబడలేదు. పైకి తీసి, పిండకుండా, చుట్టి, ఒళ్లో పెట్టుకుంది. ఒళ్లంతా తడిసినా లెక్కచేయలేదు. నేను నా వంతుగా దోసిట్లో నీళ్లు తీసుకుని, నాకు ఆరోజు చూపించినవాటికి, వినిపించినవాటికి దండం పెట్టి వదిలాను.

కవరు కోసం ఇంటికి తీసుకొచ్చాను. అత్తమ్మ చీర చూసి, కుట్లు వేలితో తడిమి, ఆమెకు బొట్టు పెట్టింది. మడతల పద్ధతి ఊడ్చే ఆమె పెట్టిందట అత్తమ్మా, బోర్డు వచ్చాక, అని నేను ఆగలేక చెప్పాను. అత్తమ్మ ఏమాత్రం తొణకలేదు.

"ఊడ్చే ఆమెకు చెప్పిందెవరు? పొద్దు మాపు గోదారి పక్కనే కద ఉంటదామె?"

నేను కవరు వెతికి తెచ్చి చీర అందులో పెట్టించాను.

బస్టాండులో ఆమె ఊరివాళ్లు అప్పటికే కొత్తగూడెం బస్సులో సీట్లు పట్టుకుని, కిటికీల్లోంచి చేతులూపుతూ పిలుస్తున్నారు. ఆమె పేరు నేను అడగలేదు, నా పేరు ఆమె అడగలేదు. "అక్కా" అనే పిలుపుతోనే ఆ పూటంతా గడిచిపోయింది. సీట్లో కూర్చుని, నీళ్లు కారుతున్న కవరును ఒళ్లో పెట్టుకుంది. కండక్టరు చూసి "ఏందమ్మా, చేపలా?" అన్నాడు.

"కాదు. మా అక్క స్నానం" అంది.

అంతలో ఆమె ఫోను మోగింది. ఎత్తగానే స్పీకరులో మళ్లీ అదే గొంతు. ఇంకా బస్సు ఎక్కలేదా, పొద్దుగూకుతుంటే ఏం చేస్తున్నవు, తిన్నవా, ఒక్కదానివే ఆగమాగం తిరిగితే ఎవరు చూస్తరు, చీర ఎవరి చేతికీ ఇవ్వకు. ఆమె జవాబు చెప్పడానికి నోరు తెరిచేది, సందు దొరక్క మూసేది. చివరికి నవ్వి, ఫోనును కిటికీలోంచి నా వైపు చాపి పట్టుకుంది, నేనూ వినాలని. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా ఆ తిట్లు నాకు వినబడుతూనే ఉన్నాయి.